డొక్క చూసి కట్టిన చావిడి

వేసవిలో పాడి గొడ్డుకు ఎండే శత్రువు అనుకుంటాం. అది సగం మాటే. మిగతా సగం వేడి గొడ్డు కడుపులోనే పుడుతుంది. మేసిన మేత పెద్దపొట్టలో పులిసేటప్పుడూ, అందులోంచి వచ్చిన సారాన్ని పొదుగు పాలుగా మార్చేటప్పుడూ వేడి వస్తూనే ఉంటుంది. రోజుకు 20 లీటర్లిచ్చే సంకరజాతి ఆవు ఒంట్లోంచి వచ్చే వేడిని లెక్కగడితే కిలోవాట్ దాకా తేలుతుంది. ఇస్త్రీపెట్టె ఒకటి రాత్రింబవళ్లు ఆర్పకుండా ఉంచినట్టే. ఆ వేడి ఎప్పటికప్పుడు బయటికి పోవాలి. పోయే దారి లేకపోతే ఒంట్లోనే పేరుకుంటుంది. కాబట్టి చావిడి చల్లగా ఉందా లేదా అన్నది రెండో ప్రశ్న. గొడ్డు తన వేడిని దించుకోవడానికి అందులో దారి ఉందా అన్నది మొదటిది.

ఆ మొదటి ప్రశ్నకు జవాబు తెలిసి కట్టిన గొడ్ల చావిడి ఒకటి పల్నాడులో చూశాను. ఎండల వార్తల్లో ఏటా ముందుగా వినబడే రెంటచింతలకు దగ్గరి పల్లె. భార్యాభర్తలిద్దరే చూసుకునే పాడి. నాలుగు ముర్రా గేదెలు, రెండు సంకరజాతి ఆవులు. చావిడి మొత్తంలో డబ్బు పోసి కొన్న యంత్రం ఒక్క ఫ్యానే. మిగతాదంతా తాటాకు, తుమ్మకర్ర, వెదురు, గోనెపట్టాలు, ఒక సిమెంటు గోళెం. చూడగానే మామూలు పాకలా ఉంటుంది. కాసేపు అందులో కూర్చుని ఏది ఎందుకక్కడ ఉందో ఒక్కొక్కటే గమనిస్తే గానీ దాని వెనక ఎంత ఆలోచన ఉందో తెలియదు.

ముందు కప్పు సంగతి. కొప్పు తూర్పు పడమరలుగా సాగి ఉంటుంది. పొద్దు నడినెత్తి మీదికి వచ్చే వేళల్లో కప్పు నీడ సరిగ్గా గొడ్ల మీదే ఉండాలంటే కొప్పు ఇలాగే పడాలి. ఉత్తర దక్షిణాలుగా వేస్తే పొద్దున ఒక పక్క నుంచి, సాయంత్రం ఇంకో పక్క నుంచి ఎండ లోపలికి దూసుకొస్తుంది. ఇంతవరకు పశుపోషణ పుస్తకాల్లోనూ ఉంటుంది. ఈ రైతు ఇంకో అడుగు ముందుకు వేశాడు. పొద్దు దక్షిణం వైపు నుంచే కాస్తుందని చాలామంది దక్షిణపు చూరు ఒక్కటే కిందికి దించుతారు. ఆ లెక్క చలికాలానిది. మే మొదటి వారం దాటాక ఆగస్టు మొదలయ్యేదాకా పల్నాడులో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిని దాటి కొద్దిగా ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. పొద్దు కుంకేది కూడా వాయవ్యం వైపే. సాయంత్రం నాలుగింటి ఎండ, అంటే గొడ్లు అప్పటికే డస్సిపోయి ఉన్న వేళ ఎండ, ఆ మూల నుంచే ఏటవాలుగా వస్తుంది. అందుకే ఈ చావిడికి పడమటి పక్క నిండుగా తాటాకు దడి కట్టి, ఆ దడిని వాయవ్యం మూల మీదుగా ఉత్తరం వైపు కూడా కొంతదూరం తిప్పారు. దాని వెనక వేపచెట్టు. మిగతా పక్కలన్నీ బార్లా తెరిచే ఉన్నాయి. ఆ దడిని అలా ఎందుకు తిప్పారని అడిగితే ఆయన ఖగోళం చెప్పలేదు. “సాయంత్రం ఎండ ఎక్కడ పడితే అక్కడ గొడ్డు నిలబడదండీ. అది వదిలేసిన చోటికల్లా దడి కట్టుకుంటూ పోయాం” అన్నాడు. కొలబద్ద గొడ్డే.

కప్పు తాటాకుది. చూరు నుంచి మొదలుపెట్టి పైకి, ఒక వరస మీద ఒక వరస ఎక్కేలా దట్టంగా కప్పారు. ఆకుకీ ఆకుకీ మధ్య చిక్కుకున్న గాలే ఎండను ఆపుతుంది. రేకుల షెడ్డులో నీడ ఉంటుంది, కానీ రేకు తానే కాలి కిందికి సెగ కొడుతుంది. గొడ్డు ఎండలోంచి తప్పుకుని పొయ్యి కిందికి చేరినట్టవుతుంది. తాటాకు కింద నిలబడి చేయి పైకి చాపితే ఆ సెగ తగలదు. ఇక కొప్పు దగ్గర నేను ఎక్కువసేపు చూసిన పని ఒకటుంది. రెండు వైపుల వాలూ పైన కలవవు. జానెడు సందు వదిలి, దాని మీద వాన పడకుండా వేరుగా చిన్న తాటాకు గొడుగు ఎత్తి కట్టారు. గొడ్ల ఒంటి వేడికి, ఊపిరికి తేలికైన గాలి పైకి లేచి ఆ సందులోంచి పోతుంది. కింద పక్కల నుంచి కొత్త గాలి వచ్చి చేరుతుంది. ఆరు గొడ్లున్న పాకలో ఉండాల్సిన ఉక్క, వాసన అక్కడ లేవు. గొడుగు కట్టు ఎంత నేర్పుగా ఉందంటే పోయినేటి తుపాను గాలికి కూడా కదల్లేదని ఆ ఇల్లాలు గర్వంగా చెప్పింది. ఆ గర్వానికి ఆమెకు హక్కుంది.

తాటాకుకు లోపాలు లేకపోలేదు. రెండు మూడేళ్లకోసారి కొత్తది కప్పాలి. ఇలా కప్పడం తెలిసిన చేతులు పల్లెల్లో తగ్గిపోతున్నాయి. నిప్పంటుకునే భయం ఎప్పుడూ ఉంటుంది. అందుకే వీళ్లు పొయ్యిని, దోమల పొగను చావిడికి ఆమడ దూరంలో ఉంచుతారు. రేకులే వేసుకున్నవాళ్లు పైన వరిగడ్డి పరిచినా, సున్నం పూసినా సెగ చాలావరకు తగ్గుతుంది.

ఎండ ఎంతుందో చెప్పడానికి మనం థర్మామీటరు చూస్తాం. గొడ్డుకు ఆ ఒక్క అంకె చాలదు, గాలిలో తేమ కూడా కలవాలి. రెండింటినీ కలిపిన ఉష్ణోగ్రత–తేమ సూచికను మొదట మనుషుల అసౌకర్యం కొలవడానికే తయారుచేశారు, 1959లో. తర్వాత పాడి శాస్త్రవేత్తలు దాన్ని ఆవులకు వాడుకున్నారు. సూచిక 72 దాటితే పాలావుకు వేడి ఒత్తిడి మొదలైనట్టు లెక్క. ఎక్కువ పాలిచ్చే ఆవులకు 68కే మొదలవుతుందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. వాడుకలో ఉన్న సూత్రంతో లెక్క వేస్తే 25 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న రోజున సూచిక 72 దగ్గరకు వచ్చేస్తుంది. మనం హాయిగా ఉందనుకునే రోజది. పల్నాడులో 43 డిగ్రీలు, 15 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం సూచిక 85. కోస్తాలో 33 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున దాదాపు 87. వార్తల్లో పేరు రెంటచింతలకే వస్తుంది గానీ, మబ్బు పట్టి ఉక్కపోసే బందరు గేదె కూడా తక్కువేమీ పడటం లేదు. చెమటైనా ఊపిరైనా ఆవిరైతేనే వేడి పోతుంది, తేమగాలిలో ఆవిరి కాదు. ఈ సూచికలో నేరుగా పడే ఎండా లేదు, వీచే గాలీ లేదు. ఆ రెండింటినీ సరిచేసేది చావిడి పనితనమే.

ఆ ఇల్లాలికి ఈ సూచిక తెలియదు. ఆమె డొక్క చూస్తుంది. ఆవు నీడలో స్థిమితంగా ఉన్నప్పుడు డొక్క ఎగసిపడటం నిమిషానికి ముప్పై, నలభై లోపే. అరవై దాటిందంటే వేడి దించుకోవడానికి కష్టపడుతున్నట్టు. ఇంకా పెరిగితే నోరు తెరిచి, మెడ చాచి, చొంగ కారుస్తూ రొప్పుతుంది. మనిషికి కనిపించే లక్షణాలు ఇవే. లోపల జరిగేది మరింత లోతైనది, ఈ వ్యాసం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది అదే.

రొప్పేటప్పుడు ఊపిరితో పాటు బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోతుంది. దాంతో రక్తంలో ఆమ్ల క్షారాల తూకం చెడి క్షారం పెరుగుతుంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు బైకార్బొనేటును బయటికి పంపేస్తాయి. ఆ బైకార్బొనేటే లాలాజలంలో ఉండి పెద్దపొట్టలో పులుపును అదుపులో ఉంచాలి. అది మూత్రంలో పోయింది. మిగిలిన లాలాజలం కూడా చొంగగా నేలపాలైంది. నెమరు తగ్గడంతో కొత్త లాలాజలం ఊరడమూ తగ్గింది. ఇక పెద్దపొట్టలో పులుపు పెరుగుతుంది, పాలలో వెన్న పడిపోతుంది. పాలకేంద్రంలో వెన్న శాతం తగ్గిందని దాణాను తిట్టుకునే రైతు చాలాసార్లు చూడాల్సింది మధ్యాహ్నపు డొక్కను. ఈ పులుపు ఫలితం గిట్టల్లో వాపుగా కొన్ని వారాల తర్వాత, వానలు పడ్డాక బయటపడుతుంది. అప్పుడు కుంటుతున్న ఆవును చూసి మేలో పడ్డ కష్టం ఎవరికీ గుర్తు రాదు. పైగా ఒంటికి గాలి తగలాలని గొడ్డు వేసవిలో పడుకోకుండా గంటల తరబడి నిలబడే ఉంటుంది. ఆ భారమూ గిట్టలదే.

రక్తం సంగతి ఇంకోటి. వేడి దించడానికి శరీరం రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది. అంతమేరకు పేగులకు రక్తం తగ్గుతుంది. పేగు గోడ బలహీనపడి, లోపల ఉండాల్సిన సూక్ష్మజీవుల విషాలు రక్తంలోకి జారతాయి. రోగాన్ని ఎదుర్కొనే శక్తి ఆ పోరాటంలో ఖర్చవుతుంది. పొదుగువాపు వేసవి చివర, తొలివానల్లో ఎక్కువ కావడానికి ఇదొక కారణం. మేత తినకపోవడం వల్లే పాలు తగ్గుతాయని చాలాకాలం అనుకున్నారు. వేడిలో ఉన్న ఆవు ఎంత తింటుందో అంతే మేతను చల్లని చోట ఉన్న ఆవుకు పెట్టి చూస్తే, తగ్గిన పాలలో మేత వాటా సగానికి మించదని తేలింది. మామూలుగా ఆకలితో ఉన్న ఆవు ఒంట్లోని కొవ్వు కరిగించుకుని పాలివ్వడానికి చూస్తుంది. వేడిలో ఉన్న ఆవు కొవ్వు ముట్టకుండా గ్లూకోజునే ఖర్చుపెట్టుకుంటుంది. పాలలోని చక్కెర తయారవ్వాల్సింది ఆ గ్లూకోజుతోనే, పాల పరిమాణాన్ని నిర్ణయించేదీ ఆ చక్కెరే. కాబట్టి దాణా పెంచితే పాలు తిరిగి వస్తాయనుకోవడం వృథా ఖర్చు. ముందు వేడి దిగాలి.

వేడి దించడంలో ఆ ఇల్లాలి చేతిని దగ్గరగా చూడాలి. పదకొండు దాటాక బకెట్టు, చెంబు పట్టుకుని మొదలుపెడుతుంది. మెడ, మూపు, వెన్ను, తుంటి, ఆ వరసలో నీళ్లు పోస్తూ ఎడమచేత్తో రుద్దుతుంది. గేదెకు వెంట్రుక తక్కువ, నీళ్లు వెంటనే చర్మాన్ని తడుపుతాయి. సంకరజాతి ఆవు దగ్గర ఆమె పని మారుతుంది. దాని వెంట్రుక ఒత్తు. పైపైన చల్లితే నీళ్లు వెంట్రుకల మీదే నిలిచి ఇంకా ఉక్క పెడతాయి. అందుకే వేళ్లతో వెంట్రుకను ఎదురు దువ్వుతూ నీళ్లు చర్మం దాకా దింపుతుంది. పొదుగు కిందికి మాత్రం ఒక్క ధార కూడా జారనివ్వదు. చన్నులు తడిగా ఉండి, తడి నేల మీద పడుకుంటే పొదుగువాపు రావడానికి అంతకన్నా కావలసింది లేదు. తడపడం అయ్యాక ఫ్యాను తిప్పుతుంది. పొడిగా ఉన్న ఒంటి మీద 43 డిగ్రీల గాలి వీస్తే అది వడగాలే. తడిసిన ఒంటి మీద వీస్తే అదే మందు. లీటరు నీళ్లు ఆవిరైతే 580 కిలోకేలరీల దాకా వేడి తీసుకుపోతాయి. పై లెక్కలో చెప్పిన ఆవు గంటలో పుట్టించే వేడినంతా మోసుకుపోవడానికి ఒంటి మీద ఒకటిన్నర లీటరు ఆవిరైతే చాలు. కష్టమంతా పోసిన నీటిని నేలపాలు చేయకుండా ఒంటి మీదే ఆవిరి చేయించడంలో ఉంది.

ఇజ్రాయెల్ పాడి క్షేత్రాల్లో 1980లలో స్ప్రింక్లర్లు, ఫ్యాన్లు జతచేసి స్థిరపరచిన పద్ధతి సూత్రం కూడా ఇదే. కాసేపు బాగా తడపడం, ఆ తర్వాత గాలి కొట్టించడం, మళ్లీ తడపడం. చెంబుతో ఇది ఎన్నిసార్లు చేయగలరు? ఆమె ఎండ తిరిగేలోపు మూడు నాలుగు విడతలు చేస్తుంది. కరెంటు లేని రోజున పడమటి దడికి గోనెపట్టాలు తడిపి వేలాడదీస్తుంది. ఉక్కగా ఉన్న రోజున మాత్రం అవే పట్టాలు తీసి పక్కన పడేస్తుంది. తేమగాలికి ఇంకా తేమ చేర్చకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. “అవుంటే గొడ్డు ఇంకా ఎగపోస్తదయ్యా” అంది, అంతే.

నీళ్ల గోళెం దక్షిణపు చూరు కింద నీడలో ఉంది. వేసవిలో పాలగేదె రోజుకు వంద లీటర్లు తాగినా ఆశ్చర్యం లేదు, కానీ వేడెక్కిన నీళ్లను సరిగా తాగదు. గోళెం చుట్టూ తడి ఇసుక పోసి ఉంచారు. మేత వేళలూ అంతే ఆలోచనతో పెట్టుకున్నవి. మేత పులిసే వేడి మేసిన వెంటనే కాక కొన్ని గంటల తర్వాత ఎక్కువగా వస్తుంది. పొద్దున తొమ్మిదింటికి వరిగడ్డి నిండా వేస్తే దాని వేడి సరిగ్గా మిట్టమధ్యాహ్నం మీద పడుతుంది. ఇక్కడ వరిగడ్డి రాత్రి తొమ్మిది దాటాకే. తెల్లవారుజామున నాలుగింటికి పచ్చిజొన్న, దాణా. పగలు కాస్త పచ్చిగడ్డి, ఉప్పు, ఖనిజ లవణాలు కలిపిన కుడితి. అంతకు మించి ఏమీ లేదు.

పొద్దు గుంకగానే గొడ్లన్నిటినీ చావిడిలోంచి ఆరుబయటికి మార్చి కడతారు. పగలంతా ఎండ నుంచి కాపాడిన కప్పే రాత్రి ఆకాశానికి అడ్డం. మబ్బు లేని రాత్రి గొడ్డు ఒంటి వేడి నేరుగా ఆకాశంలోకి పోతుంది. పగలు ఎంత బాధపడ్డా రాత్రి వేడి దించుకోగలిగితే గొడ్డు మర్నాటికి కోలుకుంటుంది. రాత్రి కూడా దిగకపోతే రోజు మీద రోజు పేరుకుంటుంది. సిమెంటు స్లాబు కింద గొడ్లను కట్టేసి తలుపులు వేసేవాళ్లు ఈ ఒక్కటి గమనిస్తే చాలు.

మన ఒంగోలు జాతిని ఇక్కడ తలచుకోకుండా ఉండలేను. తెల్లటి వెంట్రుక, నల్లటి చర్మం, పెద్దవై చర్మానికి దగ్గరగా ఉండే చెమట గ్రంథులు, తక్కువ వేడి పుట్టించే ఒళ్లు. అదే నెత్తురు బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో ఆ దేశపు మాంసపు పశువుల్లో అధిక భాగమైంది. గేదెకు ఆ భాగ్యం లేదు. నల్లటి చర్మం ఎండను పీల్చుకుంటుంది, చెమట గ్రంథులు ఆవు కంటే బాగా తక్కువ. అందుకే దానికి చెరువు కావాలి, బురద కావాలి, అవి లేని ఊళ్లో మనిషి చేయి కావాలి.

గేదె విషయంలో వేసవి ఎద మీదా దెబ్బ కొడుతుంది. ఎదకు వచ్చినా అరవదు, తీగలు సరిగా వేయదు. మూగ ఎద అని దాటిపోతుంది, సాలు వెనక్కి జరుగుతుంది. వీళ్లు తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక ఒక్కో గేదె దగ్గర కాసేపు నిలబడి చూస్తారు. మూగ ఎద బయటపడేది ఎక్కువగా ఆ చల్లని వేళల్లోనే.

ఇన్నిటిలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించిన పని ఒక్క పలుపు ముడి. చావిడిలో వాయవ్యపు దడికి ఆనుకుని, వేపచెట్టు నీడ కూడా కలిసే చోటు అన్నిటికంటే చల్లగా ఉంటుంది. నిండుగా పాలిచ్చే గేదెను అక్కడ కట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. వీళ్లు అక్కడ కట్టింది పాలు ఆగిన చూడి గేదెను. చాలా ఇళ్లలో పాలు ఆగగానే గొడ్డు రేకు కిందికో, చెట్టు కిందికో మారుతుంది. మన గేదెలు ఎక్కువగా వానకాలంలోనో ఆ తర్వాతో ఈనుతాయి, కాబట్టి వాటి వట్టి నెలలు సరిగ్గా మే, జూన్ ఎండల్లో పడతాయి. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఆవుల మీద ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలు ఈ నెలలే కీలకమని చూపించాయి. ఆఖరి చూడి నెలల్లో వేడికి వదిలేసిన ఆవుకు పొదుగులో పాలకణాలు సరిగా పెరగవు, ఈనాక పాలు తగ్గుతాయి. పుట్టిన దూడ తక్కువ బరువుతో పుడుతుంది, జున్నుపాల నుంచి రక్షణ శక్తిని తక్కువగా గ్రహిస్తుంది, పెయ్య అయితే పెరిగి పెద్దయ్యాక కూడా తక్కువ పాలిస్తుంది. ఒక్క వేసవి నిర్లక్ష్యం రెండు తరాల పాలను తినేస్తుంది. ఎందుకక్కడ కట్టారని అడిగితే, “ఇది ఇప్పుడు ఇద్దరి కోసం రొప్పుతోంది గదయ్యా” అంది ఆ ఇల్లాలు.

పాడి ఉన్న పాఠకులకు ఒక మనవి. ఈ మధ్యాహ్నం రెండింటికి మీ చావిడిలోకి వెళ్లి, పాలు ఆగిన చూడి గొడ్డు ఎక్కడ కట్టి ఉందో చూడండి. దాని డొక్కను ఒక్క నిమిషం లెక్కపెట్టండి. అరవై దాటితే దాన్ని మీ దగ్గరున్న చోట్లలో అన్నిటికంటే చల్లని చోటికి ఇవాళే మార్చండి.